జట్టు జాబితాలో కొట్టేసిన పేరు

గత చలికాలంలో మా ఊళ్లో ఒక బేస్‌బాల్ ఆటగాడికి సన్మానం చేశారు. ఆ వేదిక మీద ‘తొలి గురువు’ అని నన్నూ పిలిచి శాలువా కప్పారు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. సరిగా చేసిన పనులకు ఎవరూ శాలువా కప్పలేదు. అది మామూలే, ఫిర్యాదు ఏమీ లేదు. నాకు దక్కిన ఒక్క శాలువా మాత్రం నేను చెడగొట్టిన పనికి దక్కింది. ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, మీ అనుభవాలు చెప్పండి సార్ అంటారు. వాళ్లకు ఇప్పటిదాకా గెలిచిన కబడ్డీ కప్పుల గురించే చెప్పాను. ఇది చెప్పలేదు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారికి కాస్త లోపలగా ఉన్న ఊరు మాది. అక్కడి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనే తొమ్మిదేళ్లు చేశాను. అప్పటికి ఆ చుట్టుపక్కల ద్రాక్షతోటలు కొన్ని ఇంకా మిగిలి ఉండేవి. ఇప్పుడు ఆ పందిళ్ల చోట ప్లాట్లు, ప్రహరీలు, ఫంక్షన్ హాళ్లు వచ్చాయి. నాకు వచ్చిన ఆటలు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. ఒక ఏడాది జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది: ప్రతి మండలం నుంచి బేస్‌బాల్ జట్టు పంపాలి. వెనకాలే ఒక గోనెసంచి వచ్చింది. అందులో రెండు బ్యాట్లు, కొన్ని బంతులు, డజను తోలు గ్లోవులు, మొహానికి కట్టుకునే ఇనుప జాలీ, ఇంగ్లీషులో ఒక రూల్సు పుస్తకం.

నేను ఆ ఆటను టీవీలో కూడా నిలబడి చూసినవాణ్ణి కాదు. గ్లోవు ఏ చేతికి తొడగాలో తెలియక, మొదటి వారమంతా బొటనవేలు ఇమడకపోయినా పిల్లలందరికీ కుడి చేతికే తొడిగించాను. బంతి పట్టినవాడు గ్లోవు ఊడదీసి, చంకలో పెట్టుకుని, అప్పుడు విసిరేవాడు. ఆలోపు అవతలి జట్టువాడు మైదానం చుట్టి వచ్చి బోరింగు దగ్గర నీళ్లు తాగేవాడు.

ఈ తప్పు పట్టింది మా లెక్కల మేడమ్. స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి వారం రోజులు చూసి, ఓపిక నశించి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టి ఆ పుస్తకం చదివింది.

“సారూ, ఎడమ చేతికి తొడగాలె. ఒక చేత్తోని పట్టుడు, ఇంకో చేత్తోని ఇసురుడు. రెండు పనులు ఒక్క చేతికే పెడ్తే ఎట్ల?” అంది.

మైదానంలో గీతలు గీసింది కూడా ఆమే. తాడు తెచ్చి, రెండు మూలల మధ్య కర్ణం కొలిచి, నా గీతలు నాలుగు వేళ్లు పక్కకు పోయాయని చెరిపించి మళ్లీ గీయించింది. “దీన్ని డైమండ్ అంటరట. ఏం లేదు, చతురస్రాన్ని మూల మీద నిలవెట్టిన్రు, గంతే” అంది. ఆమె ఏ ఆటా ఆడిన మనిషి కాదు. యాప్రాల్ నుంచి స్కూటీ మీద వచ్చేది. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు బడి. ఒకసారి ఏ తప్పయినా కంట పడితే వదిలేది కాదు. అది మంచి గుణమో చెడ్డ గుణమో అప్పట్లో నాకు తేల్చుకోవడం కష్టంగా ఉండేది.

ఆ పిల్లవాడు ఎనిమిదో తరగతిలో మా బడికి వచ్చాడు. తండ్రి లేడు. తల్లి ద్రాక్షతోటలో పనిచేసేది, తోటలోనే మోటారు గది పక్క ఒక రేకుల గదిలో ఉండేవాళ్లు. పళ్లు రంగు తిరిగే కాలంలో గోరింకలను, చిలుకలను తోలడం వాడి పని. మట్టిపెళ్ల విసిరితే పందిరి తీగకు తగలకూడదు, గుత్తికి తగలకూడదు, పిట్ట మాత్రం లేవాలి. ఆ చెయ్యి అలా తయారైంది. నేను నేర్పింది ఏమీ లేదు. వాడికి మొదటిసారి బంతి ఇచ్చి, దూరంగా జామచెట్టు దగ్గర నిలబెట్టి, ఇక్కడున్నవాడికి విసరమన్నాను. బంతి నేల తాకకుండా వచ్చి గ్లోవులో పడింది. పట్టినవాడు గ్లోవు తీసి అరచేతిని ఊదుకున్నాడు. ఏడాది తిరిగేసరికి వాడు మా జట్టుకు పిచ్చర్ అయ్యాడు. బ్యాటు పట్టినవాడికి బంతి విసిరేది పిచ్చరే. ఆట సగం వాడి చేతిలో ఉంటుంది.

వాడు తొమ్మిదో తరగతిలో ఉండగా జిల్లా సెలెక్షన్లు వచ్చాయి. మండల జట్లను ఆడించి బాగా ఆడినవాళ్లను ఏరుతారు. సరిగ్గా అవి తోటల్లో తీగలు కత్తిరించే రోజులు. కత్తిరింపులప్పుడు తెల్లవారి నుంచే పని. కత్తిరించిన కొమ్మలు ఏరి బయట వేయడానికి తల్లికి తోడు వాడొక్కడే. మూడు రోజులు పొద్దున ప్రాక్టీసుకు రాలేదు. నాకొక రూలు ఉండేది. మూడు రోజులు రాకపోతే జట్టులోంచి తీసేయాలి. నోటీసు బోర్డు మీద నా చేత్తోనే రాసి అంటించాను.

అదే వారం హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచారు. ఊళ్లో ఒక పెద్దమనిషి మైదానం చదును చేయడానికి లారీల్లో మొరం మట్టి పోయించాడు. ఆయన కొడుకు మా పదో తరగతి. వాడికి సెలెక్షన్లకు పోవాలని ఉందట. “జర చూడున్రి సార్. మనకు రేపు ప్రహరీ గోడ గూడ కావాలె” అన్నారు హెడ్మాస్టరు. గట్టిగా ఏమీ అనలేదు. గట్టిగా అని ఉంటే నేను ఎదురు చెప్పేవాణ్ణేమోనని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. చెప్పేవాణ్ణి కాదు.

జాబితా తెల్లకాగితం మీద రాసి ఉంది. తొమ్మిదో పేరు వాడిది. దాని మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన మొరం పెద్దమనిషి కొడుకు పేరు రాశాను. రూలు ఉంది కదా అనుకున్నాను. మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను కూడా.

బయలుదేరే రోజు పొద్దున బడి ముందు జీపు ఆగి ఉంది. పిల్లలు ఎక్కుతున్నారు. వాడు తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. భుజాల దగ్గర ఇంకా తడి ఆరలేదు. ప్రాక్టీసు కోసం ఇంటికి తీసుకుపోయిన గ్లోవు చంకలో ఉంది.

“సార్, నేనెక్కడ కూసోవాలె?” అన్నాడు.

“నీ పేరు లేదురా.”

“ఎందుకు సార్?”

“మూడు రోజులు రాలే. రూలు తెల్వదా?”

“కత్తిరింపులుండె సార్. మా అమ్మ ఒక్కతే...”

“రూలు అందరికీ ఒక్కటే” అన్నాను.

వాడు జీపులోకి చూశాడు. మొరం పెద్దమనిషి కొడుకు ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. వీడు గ్లోవు నా చేతికి ఇచ్చి, గేటు దాటి వెళ్లిపోయాడు. మేము పోయి మొదటి మ్యాచ్‌లోనే ఓడి, చీకటి పడకముందే తిరిగి వచ్చాం.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మేడమ్ నా ఎదురుగా కూర్చుంది. ముందు రోజు కిటికీలోంచి అంతా చూసిందట.

“రూలు అందరికీ ఒక్కటేనా సారూ?”

“ఒక్కటే.”

ఆమె నా ప్రాక్టీసు హాజరు పుస్తకం తీసి ఒక పేరు మీద వేలు పెట్టింది. జీపు ఎక్కి వెళ్లినవాళ్లలో ఒకడు. వాడికి ఐదు గైర్హాజర్లు ఉన్నాయి. కింద ఇంకొకడికి నాలుగు. మొరం పెద్దమనిషి కొడుకు పేరు ఆ పుస్తకంలోనే లేదు.

“లెక్కల టీచర్ని గద, గింత మాత్రం తెలుస్తది” అని పుస్తకం మూసి నా ముందు పెట్టింది.

ఆ తర్వాత చాలా నెలలు ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. వాడు మళ్లీ మైదానంలోకి రాలేదు. పదో తరగతిలో ఉండగా ఆదివారాలు చర్చి అయ్యాక మేడమ్ స్కూటీ మీద వాణ్ణి సికింద్రాబాద్ తీసుకుపోతోందని, అక్కడ ఎవరో కోచ్ దగ్గర నిలబెట్టిందని పిల్లల ద్వారా విన్నాను. విని ఊరుకున్నాను. అభినందించడానికి మొహం చెల్లలేదు, ఆపడానికి కారణం లేదు. తర్వాత నాకు బదిలీ అయింది. చివరికి పదవీ విరమణ చేసి మా ఊరికే తిరిగి వచ్చాను.

ఆ జీపు రోజు నుంచి పన్నెండేళ్లు గడిచాయి. వాడు రాష్ట్రానికి ఆడాడు, దేశానికి ఆడాడు, గల్ఫ్‌లో డబ్బులిచ్చి ఆడించే లీగులో ఒక జట్టు వాణ్ణి తీసుకుంది. పేపర్లో ఫోటో వచ్చింది. ఊరు ఉన్నట్టుండి మేల్కొంది. బేస్‌బాల్ అంటే ఏమిటో ఊళ్లో నలుగురికి కూడా తెలియదు. కానీ మనవాడు ఫారిన్‌లో ఆడుతున్నాడంటే అది తెలియాల్సిన అవసరం ఏముంది?

యువజన సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. అతను ఎవరో కాదు, ఆ రోజు జీపులో ముందు సీట్లో కూర్చున్నవాడే. ఇప్పుడు రియల్ ఎస్టేట్ చేస్తున్నాడు, ఊళ్లో మంచి పేరుంది.

“నమస్తే సార్! మనోన్కి సన్మానం పెడ్తున్నం. తొలి గురువు మీరే. మీ ఫోటో ఫ్లెక్సీల పెట్టేసిన. కాదనొద్దు” అన్నాడు.

కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నడకకు వెళ్లినట్టు వెళ్లి ఫ్లెక్సీ చూసి వచ్చాను. వాడి పక్కన క్రికెట్ ప్యాడ్లు, హెల్మెట్ బొమ్మ వేశారు. కింద కుడివైపు నేను, ఇరవై ఏళ్ల కిందటి పాస్‌పోర్టు ఫోటోలో, జుట్టుతో. బాగానే ఉన్నాననిపించింది.

ఇంటికి వచ్చి చెబితే నా భార్య తోటకూర తుంపుతూ తల ఎత్తింది.

“గా పిలగాడేనా? జీపు కాడ నిలవడ్డడని చెప్పినవ్, గా పిలగాడు?”

ఆ రోజు ఇంటికొచ్చి ఆమెకు చెప్పిన సంగతే నేను మరిచిపోయాను.

“వాడే.”

“మరి కప్పించుకుంటవా?” అంది. దెప్పలేదు. మామూలుగా అడిగి మళ్లీ ఆకు తుంపుకుంది.

మర్నాడు బస్సెక్కి యాప్రాల్ పోయాను. మేడమ్ వరండాలో కూర్చుని ఎవరో పిల్లల నోట్సు దిద్దుతోంది. మోకాళ్లు పాడయ్యాయి, చేతికర్ర పట్టింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

“ఫ్లెక్సీ ఫోటో నాకు గూడ వచ్చింది సారూ, ఫోన్ల. జుట్టు మస్తుండె మీకు.”

“ఆ చోటు మీది మేడమ్. మీరు రావాలె.”

“నేనా? నేను ఎన్నడన్న బంతి పట్టిన్నా? తీస్కపోయిన, ఎండల చెట్టు కింద కూసున్న, తీస్కొచ్చిన. దానికి శాలువా ఎందుకు?”

“పోనీ నేను నిజం చెప్తా అక్కడ.”

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. “చెప్తరా? అయితే వస్త. వాణ్ణి చూసెటందుకు గాదు, వాడు నెలకోసారి ఫోన్ చేస్తనే ఉంటడు. మీరు చెప్పుడు చూసెటందుకు వస్త” అంది.

సన్మానం ఆదివారం పెట్టారు. పొద్దున మెయిన్ రోడ్డు నుంచి బడి మైదానం దాకా ఊరేగింపు. జేసీబీతో ఎత్తి పూలదండ వేశారు. డప్పులు, బాణాసంచా, ట్రాక్టర్ మీద వాడు, పక్కన వాళ్లమ్మ. వాడు ఎత్తు పెరిగాడు, మెడ లావెక్కింది. ఆమె మాత్రం సన్నగా అలాగే ఉంది, ఒళ్లో చేతులు పెట్టుకుని ఎక్కడ చూడాలో తెలియనట్టు కూర్చుంది. అధ్యక్షుడు మాట్లాడుతూ, మనవాడు ఇంకా ఎన్నో సిక్సర్లు కొట్టాలని ఆశీర్వదించాడు. వాడు తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. చర్చి అయ్యాక మేడమ్ ఆటోలో వచ్చి దిగింది. వాడు వేదిక దిగి వెళ్లి, చెయ్యి పట్టి పైకి తెచ్చి తల్లి పక్కన కూర్చోబెట్టాడు.

నన్ను పిలిచారు. శాలువా కప్పారు. మైకు నా చేతికిచ్చారు.

“నేను గీ పిల్లవాని గురువును గాను” అన్నాను. “జిల్లా సెలెక్షన్ల జాబితాల వీని పేరు కొట్టేసినోణ్ణి నేను. రూలని చెప్పిన. గా రూలు వీనొక్కనికే వాడిన. వీనికన్న తక్కువ ఆడెటోణ్ణి పంపిన. వీణ్ణి సికింద్రాబాద్ తీస్కపోయి నిలవెట్టింది గీ లెక్కల మేడమ్.”

అంతలో వ్యాఖ్యాత ఇంకో మైకు అందుకున్నాడు.

“చూసిన్రా! గిదీ గురువుగారి వినయం! తనను తాను ఎంత తక్కువ చేసుకుంటున్నరో చూడున్రి! గట్టిగ చప్పట్లు!”

చప్పట్లు మోగాయి. “వినయం గాదు బాబూ, జరిగింది చెప్తున్న” అన్నాను. ఇంకా గట్టిగా మోగాయి. డప్పులవాళ్లకు ఎవరి సైగ అందిందో, నాలుగు దెబ్బలు వేసి ఆపారు. చేసిన తప్పు ఒప్పుకోవడానికి కూడా చేతకాని మనిషిలా మైకు పట్టుకుని నిలబడిపోయాను.

అప్పుడు వాడు లేచి వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

“చప్పట్లు కొట్టకున్రి. సార్ చెప్పింది నిజమే” అన్నాడు. చప్పట్లు ఆగాయి. “ఎవర్ని పిలవాలెనని అడిగితే సార్ పేరు, మేడమ్ పేరు నేనే చెప్పిన. మేడమ్ లెక్కల టీచర్ అనేసరికి నేను తప్పు చెప్తున్ననని ఇడిసిపెట్టినట్టున్నరు. గీ ఊళ్లె నా చేతికి బంతి మొదలిచ్చింది సారే. జీపు ఎక్కనియ్యంది గూడ సారే. ఒకటి చెప్పి ఇంకోటి దాస్తే అది నా కథ గాదు.”

అంతే చెప్పి కూర్చున్నాడు. కోపం లేదు, క్షమించాననడమూ లేదు. నాకు కప్పిన శాలువా తీసి మేడమ్ భుజాల మీద వేశాను. ఆమె కాదనలేదు. “సక్కగ చెప్పిన్రు. రెండో మాటు ఇంకా సక్కగ” అంది మెల్లగా.

భోజనాల దగ్గర యువజన సంఘం అధ్యక్షుడు నన్ను పక్కకు పిలిచాడు. మొహం పాలిపోయి ఉంది.

“గా పోయినోణ్ణి నేనే గద సార్?”

“నువ్వే. నీ తప్పు గాదు, చిన్నపిల్లగానివి.”

“నాకు తెల్వది సార్. మా నాయిన పొమ్మన్నడు, పోయిన. మూడు మాట్లు బ్యాటు పట్టిన, మూడు మాట్లు బంతి కనవడనే లేదు” అన్నాడు. మళ్లీ తనే, “ముందే చెప్తే బాగుండు” అన్నాడు.

“చెప్తే ఏం చేసేవాడివి?”

ఆలోచించాడు. “ఏమో సార్” అన్నాడు. మొత్తం మీద ఆ రోజు నేను విన్న మాటల్లో అది కూడా నిజాయితీగా ఉన్న మాటే.

అంతటితో నా పని అయిపోయిందనుకున్నాను. చెప్పాల్సింది చెప్పాను, గుండె తేలికైంది, ఇక ఇంటికి పోవచ్చు అనుకున్నాను. చేతులు కడుక్కుంటుంటే వాడి తల్లి వచ్చి ఎదురుగా నిలబడింది.

“సార్, గా జీపు సంగతి నాకు తెల్వది” అంది.

నాకు అర్థం కాలేదు.

“వాడు పోయిండనే అనుకున్న. పోయి ఓడిపోయొచ్చిండని. పొద్దుగూకినంక ఇంటికొచ్చి, ఓడిపోయినమే అన్నడు. నేనేమన్ననో ఎరికేనా సార్? కత్తిరింపుల పనంత ఒక్కదాన్నే మీదేస్కోని నిన్ను తోలిస్తే ఓడిపోయొస్తివారా అన్న. రెండు దినాలు వానితోని సక్కగ మాట్లాడలే.” ఆమె గొంతు పెంచలేదు. “పన్నెండేండ్ల సంది వాడు గా రోజు ఓడిపోయిండనే అనుకుంటున్న. ఇయ్యాల మైకుల మీరు చెప్తే తెలిసె.”

వాడు వెనక నుంచి వచ్చాడు. “అమ్మా, ఇప్పుడెందుకే అయ్యన్ని” అన్నాడు.

“గా దినమంత ఏడున్నవ్‌రా?”

“చెరువు కట్ట మీద కూసున్న.”

“నాకెందుకు చెప్పకపోతివి?”

“చెప్తే ఉరికొచ్చి బడి కాడ లొల్లి పెడుదువు. తోటాయన, గా మొరం పోయించినాయన చుట్టాలు. మనల్ని తోటలకెల్లి ఎల్లగొడ్తే ఏడికి పోదుమే?”

తొమ్మిదో తరగతి పిల్లవాడు జీపు దగ్గర నిలబడి, గ్లోవు నా చేతికి ఇచ్చేలోపు ఇదంతా లెక్కవేసుకున్నాడు. నేను వాడి మౌనాన్ని చూసి, పిల్లవాడు మరీ బాధపడలేదులే అని సమాధానపడ్డాను.

ఆమె కొడుకు నుంచి చూపు తిప్పి నావైపు చూసింది.

“సార్, ఒక్క మాట అడుగుతా. నేను గప్పుడు బడి కాడికొచ్చి అడిగితే వాణ్ణి పంపుదురా?”

లేదమ్మా అనాలనిపించింది. అలా అంటే ఆమెకు కొంత ఊరట. తను రాకపోవడం వల్ల పోయింది ఏమీ లేదని ఇంటికి వెళ్లిపోయేది. కానీ పొద్దున్నుంచి నిజం చెప్పేవాడినని తిరుగుతున్నాను, ఇక్కడ ఆపడం కుదరలేదు.

“పంపేవాణ్ణమ్మా” అన్నాను. “నువ్వొచ్చి నిలవడి అడిగితే, పదిమందిల ఇజ్జత్ పోతదని భయపడి పంపేవాణ్ణి.”

“గంతేనా సార్” అంది ఆమె.

“గంతే.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, కుర్చీలో కూర్చున్న మేడమ్ దగ్గరికి వెళ్లి, “లెవ్వున్రి మేడమ్, అన్నం తిందురు” అని చెయ్యి ఆసరా ఇచ్చి లేపింది. ఇద్దరూ మెల్లగా వరుసలోకి నడిచారు. వాడు ఒక్క నిమిషం నా దగ్గర ఆగి, “ఎల్తం సార్” అని, వాళ్ల వెంట పోయాడు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీకు చెప్పగలిగింది నా దగ్గర ఎక్కువ లేదు. జాబితా మీద ఒక పేరు కొట్టేసేముందు, ఆ పిల్లవాడి తల్లి బడి దాకా వచ్చి మీ ముందు నిలబడి ఎందుకని అడిగితే ఏం చెబుతారో ఒకసారి గట్టిగా, బయటికే చెప్పి చూసుకోండి. చాలామంది తల్లులు రారు. వాళ్లకు ఆ పొద్దు పని ఉంటుంది.